తలుపు వెనక నిఘంటువు

మా ముత్తాతగారి తండ్రి ఒక జమీందారీకి దివాను. ఆయన గడప దాటితే ముందు ఇద్దరు బంట్రోతులు నడిచేవారు. మా ముత్తాతగారు అదే పదవిలో ముప్ఫై ఏళ్ళు ఉండి, కలెక్టరు దొర ఎదుట కుర్చీలో కూర్చునే గౌరవం సంపాదించారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్క. మా తాతగారి నాటికి ఉద్యోగం పోయి వ్యాజ్యాలు మిగిలాయి. ఆయన సగం జీవితం కోర్టు వరండాల్లోనే గడిచింది. భూములు ఒకటొకటిగా చేజారాయి గాని, ఆయన ఎవరి ముందూ కండువా దించలేదు. మా నాన్నగారు నా ఎనిమిదో ఏట పోయారు, తాతగారు నా పదహారో ఏట. ఆ విధంగా పంతొమ్మిదో ఏట, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, అనకాపల్లిలో ఒక పెద్ద ఇంటికీ దాని పేరుకీ నేను యజమానిని. గొప్ప కోసం ఇది చెప్పడం లేదు. ఒక కాగితం మీద నా సంతకం కావలసి వచ్చింది. అది నా సంతకమే ఎందుకు కావలసి వచ్చిందో తెలియడానికి చెబుతున్నాను.

మా ముత్తాతగారి స్నేహితుడైన దొర బదిలీ మీద వెళ్ళిపోతూ తన ఇంగ్లీషు నిఘంటువు ఆయనకు ఇచ్చి వెళ్ళాడట. రెండు చేతులతో ఎత్తవలసిన పుస్తకం. తాతగారు దాన్ని వ్యాసపీఠం మీద ఉంచేవారు. మా ఇంట్లో మగపిల్లలకు సంస్కృత నిఘంటువు వల్లె వేయించడం తరతరాల ఆచారం. అర్థం తెలియక ముందే మాటలు నోటికి రావాలి, అర్థం తరువాత దానంతట అదే వచ్చి కూర్చుంటుంది అని మావాళ్ళ నమ్మకం. సంస్కృతానికి పనికొచ్చిన దారి ఇంగ్లీషుకి ఎందుకు పనికిరాదు అని తాతగారికి తోచింది. నన్ను ఆరో ఏట ఆ పుస్తకం ముందు కూర్చోబెట్టారు. రోజుకు పది మాటలు, అర్థాలతో సహా, చద్దన్నానికి ముందు.

శ్లోకం చదివిన రాగంలోనే చదివేవాణ్ణి. "ఐలండ్... ల్యాండ్ సరౌండెడ్ బై వాటర్" అని దీర్ఘం తీస్తే తాతగారు కళ్ళు మూసుకుని తల ఊపేవారు. శీతాకాలం పొద్దున్న శారదానది మీది మంచు వీధిలోకి వచ్చి మా వరండా స్తంభాల దాకా నిలిచేది. చెరుకు గానుగలు ఆడే రోజులు కావడం వల్ల ఆ మంచులో కూడా కాగుతున్న బెల్లం వాసన ఉండేది. నా గొంతులోంచి మాటలు ఆ తెల్లదనంలోకి వెళ్ళిపోయేవి. దీవి అంటే ఎలా ఉంటుందో నేను చూడలేదు. మంచులో మునిగి, చుట్టూ ఏమీ కనిపించని మా ఎదురింటి మేడ దీవి అనుకునేవాణ్ణి.

నా వెనక, వరండాకీ లోపలి గదికీ మధ్య ఉన్న తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచి ఉండేది. ఆ తలుపు వెనక మా మేనత్త బియ్యం చెరుగుతూ కూర్చునేది.

ఆవిడ మా నాన్నగారికి చెల్లెలు. తొమ్మిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట వైధవ్యం. అప్పటినించీ మా ఇంట్లోనే. నేను పుట్టేటప్పటికే ఆవిడ ఆ తెల్లపంచెలో, ఆ తలుపు వెనక ఉంది. చేట చప్పుడు నా రాగానికి తాళంలా పడేది. ఒక్కోసారి ఆగేది. ఆగిందంటే మాట కొత్తదని, ఆవిడ దాన్ని మనసులో తిప్పుకుంటోందని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. అక్షరాలు మాత్రం నేనే నేర్పేను. ఆడుకుంటున్నట్టుగా, చేటలోని బియ్యం పరిచి అందులో వేలితో ఇంగ్లీషు అక్షరాలు గీసేవాణ్ణి. ఆవిడ చూసి, చేట ఒక్కసారి కుదిపి, చెరిపేసి, "ఊఁ, తరువాతది" అనేది.

తాతగారు పోయేనాటికి నా వల్లె ఆర్ అక్షరం దాకా వచ్చింది. ఆ తరువాత నేను ఆ పుస్తకం తెరవలేదు. ఆవిడ తెరిచింది. మధ్యాహ్నాలు అందరూ నడుం వాల్చిన వేళ ఒక్కతే మిగిలిన పేజీలు చదివింది. అందువల్ల ఆర్ దాకా ఆవిడ మాటలకు మా తాతగారి ఉచ్చారణ, శ్లోకం రాగం ఉండేవి. ఎస్ నించి మాత్రం రాసి ఉన్నట్టే పలికేది. సోర్డ్‌ని స్వోర్డ్ అనేది, రిస్ట్‌ని వ్రిస్ట్ అనేది. నేను నవ్వితే, "మరి రాసినవాడు ఊరికే రాసేడా?" అనేది.

ఈ చదువు వల్ల నాకు బడిలో జరిగిన అవమానం ఒకటుంది. మొదటి ఏడు ఇంగ్లీషు మాస్టరు ఇంటి గురించి పది వాక్యాలు రాయమన్నారు. నేను నిఘంటువు పద్ధతిలోనే రాశాను. "హౌస్ ఈజ్ బిల్డింగ్. హౌస్ హాజ్ డోర్." ఇలా సాగింది. ఇంగ్లీషులో వస్తువు పేరు ముందు ఎ, ఏన్, ది అని చిన్న మాటలు రావాలని, వాటిని ఆర్టికిల్స్ అంటారని నాకు తెలియదు. నిఘంటువులో మాటల ముందు అవి ఉండవు కదా. మాస్టరు నా కాగితం క్లాసంతటికీ చదివి వినిపించి, "దివానుగారి మునిమనవడు తంతి పంపేడర్రా! మాటకింత రుసుమని ఎ, ది మిగుల్చుకున్నాడు" అన్నారు. నన్ను బల్ల ఎక్కించారు. నేను ఎక్కాను, తల మాత్రం దించలేదు. ఆ ఏడాది తిరిగేలోగా ఏ మాట ముందు ఏది పెట్టాలో మొత్తం బట్టీ పట్టాను. అర్థం చేసుకోలేదు, బట్టీ పట్టాను. నాలో నేను ఒక సమాధానం చెప్పుకున్నాను: ఈ ఆర్టికిల్స్ బంట్రోతులు, బయటికి వెళ్ళేటప్పుడు మాటకు ముందు నడుస్తాయి; నిఘంటువు మాటకు సొంత ఇల్లు, ఇంట్లో పెద్దమనిషికి బంట్రోతు అక్కరలేదు. ఆ ఊహ నాకు నచ్చింది. అక్కడితో ఆగిపోయాను.

ఇక సంతకం సంగతి. ఆ ఏడు పుష్యమాసంలో, ఎదురింటి వకీలుగారు చదివేశాక మాకు వచ్చే పేపరు పట్టుకుని అత్త నా గదిలోకి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ ఆవిడ నా గదిలోకి పని లేకుండా రాలేదు.

"నాయనా, నీతో ఒక పని పడింది" అంది.

పేపరులో ఒక ప్రకటన ఉంది. విశాఖపట్నంలో ఆడవాళ్ళకు టీచరు ట్రైనింగు స్కూలు. భర్త పోయినవాళ్ళు ముందుగా దరఖాస్తు పెట్టవచ్చు. ఇంగ్లీషులో చదవడం, రాయడం పరీక్షిస్తారు. సంరక్షకుడు స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి. ఫాల్గుణమాసంలో పరీక్ష.

"సంరక్షకుడంటే నువ్వేరా" అంది అత్త.

నేను పేపరు మడిచి బల్ల మీద పెట్టాను. "మన ఇంట్లో జీతం తీసుకున్న ఆడది లేదత్తా" అన్నాను.

"జీతం తీసుకున్న మగాళ్ళున్నారుగా."

"ఎవరు?"

"దివాను అంటే ఏమిటనుకున్నావు? జమీందారు నెలనెలా ఇచ్చింది ఏమిటి, సంభావనా?"

జవాబు దొరకనప్పుడు అధికారం పనికొస్తుంది. ఆర్టికిల్స్ తప్పు లేకుండా ఒక పేజీ ఇంగ్లీషు రాసి చూపిస్తే సంతకం పెడతానన్నాను. ఆవిడ వల్ల కాదనే ధైర్యంతో అన్నాను. ఎందుకంటే ఆవిడకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ పుస్తకంలోంచి వచ్చింది. నేను బల్ల ఎక్కిన ఇంగ్లీషే అది. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "సరే. నువ్వే నేర్పాలి" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వసారాలో కూర్చునేవాళ్ళం. ఆ వసారా మీదికి పక్కింటి కొబ్బరిచెట్టు నీడ జారి వచ్చేది. దూరాన బజారు వైపు బెల్లం బళ్ళ చక్రాలు ఆగి ఆగి మూలిగేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు నెలలూ ఒకటే మధ్యాహ్నంలా అనిపిస్తాయి. ఎప్పుడు ఏ మాట అన్నదో తేదీలు కుదరవు.

మొదటి వారం ఆవిడ రాసినది నా చిన్ననాటి కాగితంలాగే ఉంది. "క్రో ఈజ్ బర్డ్. బర్డ్ సిట్స్ ఆన్ వాల్." నేను ఎర్రసిరాతో దిద్దేను. రెండో వారానికి ప్రతి మాట ముందూ ది పెట్టుకొచ్చింది. బెడ్ ముందు, హోమ్ ముందు, చివరికి గాడ్ ముందు కూడా. అవన్నీ కొట్టేశాను.

"మొన్న లేవన్నావు, పెట్టేను. ఇవాళ పెట్టేను, తీసేస్తున్నావు. ఇదేం దాగుడుమూతలురా?"

"గో టు బెడ్, ఎట్ హోమ్, బై ట్రైన్, డే బై డే, ఇవి స్థిరపడిపోయిన పలుకుబళ్ళత్తా. వీటికి ఆర్టికిల్ ఉండదు."

"ఎందుకుండదు?"

"ఉండదు. అంతే."

"అంతే అంటే నేనొప్పుకోను. మీ తాతగారు కూడా అంతే అనేవారు నాతో, పదకొండో ఏటినించీ."

లోపలినించి మా అమ్మ గొంతు వచ్చింది. "ఏమమ్మా ఆడబడుచుగారూ, కుంపటి మీద పులుసు మాడుతోంది. అది ఎ పులుసో, ది పులుసో చెప్పి దించుతారా?"

"మాడేక ది వదినా. ఏ పులుసో ఊరందరికీ తెలిసిపోతుంది" అంటూ అత్త లేచింది. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఏడాది పాటు బట్టీ పట్టింది ఆవిడ పులుసు దింపడానికి వెళుతూ చెప్పేసింది.

మర్నాడు ఆవిడే మొదలుపెట్టింది. "రాత్రంతా ఆలోచించేను. మనం భోజనానికి పిలిచేటప్పుడు పీట వేసేం రండి అంటాం. ఏ పీట, ఎవరి పీట అని ఎవరైనా అడుగుతారా?"

"అడగరు."

"ఎందుకంటే అక్కడ పీట అంటే చెక్క కాదు. భోజనం. అదే, పీట విరిగిందంటే మాత్రం ఏ పీట అంటావు. గో టు బెడ్ కూడా అంతే అయుంటుంది. మంచం దగ్గరికి వెళ్ళడం కాదు, నిద్రపోవడం. మంచం తుడవడానికి వెళ్ళేననుకో, అప్పుడు ది కావాలి. అవునా?"

నేను వ్యాకరణం పుస్తకం తెరిచి చూశాను. ఇంచుమించు అదే ఉంది. ఒక స్థలానికి అది దేనికోసం ఉందో ఆ పనికే వెళితే ఆర్టికిల్ అక్కరలేదు. మరో పని మీద వెళితే కావాలి. చదువుకోడానికి వెళ్ళేవాడు స్కూలుకి వట్టిగానే వెళతాడు. ఫీజు కట్టడానికి వెళ్ళే తండ్రి మాత్రం ది స్కూలుకి వెళతాడు. దీన్ని నేను అంతకు ముందు పదిసార్లు చదివాను. ఎప్పుడూ కనిపించలేదు.

"బై ట్రైన్ మాటేమిటి?" అని అడిగాను. పరీక్షించడానికి కాదు. నిజంగానే అడిగాను.

"బండి మీద వచ్చేను అంటాం. ఏ బండి అని చెప్పం. బండి కాదు ముఖ్యం, నడవలేదు అని చెప్పడం. అరిగిపోయిన మాటలురా ఇవి. రోకలి పట్టుకునేచోట చూడు, నునుపెక్కి ఉంటుంది. చెయ్యి పడీ పడీ అలా అవుతుంది. ఈ మాటల మీద నోళ్ళు పడీ పడీ ముందుండే ముక్క అరిగిపోయింది."

ఇంకో మధ్యాహ్నం నా బంట్రోతుల సిద్ధాంతం ఆవిడకు చెప్పాను. ఎవరికీ చెప్పలేదు అంతవరకు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీకు అన్నిటికీ బంట్రోతులే కనిపిస్తారు" అంది. కొబ్బరి నీడ మా ఇద్దరి కాగితాల మీదినించీ పక్కకు జరిగింది.

"నాకు ఏం కనిపించేదో చెప్పనా? పొద్దున్నే నువ్వు చదువుతూంటే తలుపు వెనక నాకు ఒక ఊరు కనిపించేది. అందులో ఒక నది, ఒక దీవి, ఒక పక్షి. అన్నీ ఉండేవి గాని, ఏదీ ఎవరిదీ కాదు. ఇంకా లోకంలోకి రాలేదు అవి. మనుషులు కూడా అంతే. అక్కడ కూతురంటే ఎవరి కూతురూ కాదు. ఎవరో ఒకరు తలుపు తీస్తే అవి మనలోకి వస్తాయి. కొత్తగా వస్తే ఎ. ఎవరో పోలిస్తే ది."

నేను కలం పక్కన పెట్టాను.

"మీ తాతగారు పోయేక డబ్ల్యూ దాకా నేనే చదువుకున్నాను కదా. విడో అనే మాట కోసం చూసేను. భయపడుతూ చూసేను. చనిపోయిన భర్త గల స్త్రీ అని ఉంది. అంతే ఉంది నాయనా. ఎదురు రాకూడదు అని లేదు. శుభకార్యంలో కనబడకూడదు అని లేదు. ముందేమీ లేదు, వెనకేమీ లేదు. ఆ ఊళ్ళో అదొక మాట. ఈ ఇంట్లోనే నాకు ది తగులుకుంది. అదిగో ఆవిడ, అంటారు."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. నిఘంటువు చదివినట్టే చెప్పింది. నేను కాగితం మీదికి వంగి, లేని తప్పు వెతుకుతున్నట్టు నటించాను.

మాఘమాసం చివర ఆవిడ పేజీ రాసింది. మా ఇంటి పెరడు గురించి. ఎర్రసిరా పెట్టడానికి చోటు లేదు. నేను రెండుసార్లు చదివి, "ఇంకో పేజీ రాయి" అన్నాను. రాసింది. దానిలోనూ తప్పు లేదు. "ఉత్తరం పద్ధతిలో ఒకటి రాయి" అన్నాను. అదీ రాసింది. నేను ఇచ్చిన మాట తప్పడం లేదని, పరీక్ష గట్టిగా పెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. దివాను మునిమనవడి మేనత్త బడిపంతులమ్మ అయిందని బజారులో అనుకునే మాట నా చెవుల్లో ముందే వినబడుతోంది.

మూడో కాగితం నా ముందు పెట్టి అత్త లేవలేదు. "నాయనా, నీ షరతు ఇంగ్లీషుది కాదని నాకు తెలుసు. పెట్టనంటే పెట్టనని చెప్పు. ఆ తలుపు వెనకే ఉంటాను, ఇన్నాళ్ళూ ఉండలేదా? కాని చెప్పు. ఇంకో పేజీ, ఇంకో పేజీ అనకు" అంది.

"పరీక్షకు తీసుకెళతాను. సంతకం సంగతి అక్కడ చూస్తాను" అన్నాను. నిటారుగా కూర్చునే అన్నాను.

ఫాల్గుణంలో బయలుదేరాం. బుచ్చయ్యపేట వైపునించి బెల్లం దింపడానికి వచ్చిన ఒక రైతు ఖాళీ బండిలో స్టేషనుకి ఎక్కించుకున్నాడు. వాళ్ళ తండ్రి మా చెరుకు పొలం కౌలుకి చేసినవాడు. ఇప్పుడు ఆ పొలం వాడిదే. అయినా నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"ఏటి బాబూ, అమ్మగోరు ఎటెలతన్నారు?"

"విశాఖపట్నం. పరీక్ష ఉంది."

"పరీచ్చా! అమ్మగోరే రాత్తారా, తమరు కూడా రాత్తారా?"

"ఆవిడే రాస్తారు."

"మరి తమరేటి సేత్తారు బాబూ?"

వెనకనించి అత్త, "సంతకం చేస్తాడురా" అంది. నాకు ఆ మాట చురుక్కుమంది.

"అదీ పెద్ద పనే లెండి. మాకైతే ఏలిముద్రే" అని వాడు ఎడ్లను అదిలించాడు.

రైలు నిండా సిపాయిలు. ఆడవాళ్ళ పెట్టెలో ఆవిడను కూర్చోబెట్టి, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ పదకొండో ఏట పుట్టింటికి వచ్చిన తరువాత రైలెక్కడం అదే. చెరుకు కొట్టేసిన పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. కొండలు సగం నించి పైకి మాత్రమే ఉన్నాయి. ఆవిడ కిటికీ ఊచలకు మొహం ఆనించి పెదవులు కదుపుతోంది. చక్రాల చప్పుడులో నాకు సరిగా వినబడలేదు. హిల్, పామ్, స్మోక్ అని ఏవో ఒక్కొక్క మాటే. వాటి ముందు ఏమీ లేదు. నిద్రలో నడిచేవాళ్ళను పిలవకూడదంటారు. నేను పిలవలేదు.

ఆ స్కూలు ఎర్రపెంకుల ఇల్లు. సూపరింటెండెంటు మద్రాసు వైపు ఆవిడ, తెలుగు అంతంతమాత్రం. తెల్లచీర, నుదుట బొట్టు లేదు. అయినా కాళ్ళకు చెప్పులున్నాయి, చేతికి గడియారం ఉంది, జుట్టు ఉంది. అత్త ఆవిడ చేతి గడియారం వైపే చూసింది. తరువాత చటుక్కున పమిట తల మీదికి లాక్కుంది.

గంటసేపు నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పెరట్లో ట్రైనింగులో ఉన్నవాళ్ళు ఒక రబ్బరు రింగు విసురుకుంటూ ఆడుతున్నారు. అందులో సగంమంది అత్తలాంటివాళ్ళేనని తెలుస్తూనే ఉంది. వాళ్ళలో ఒకావిడ రింగు జారవిడిచి గట్టిగా నవ్వింది. మా ఇంట్లో అత్త ఎప్పుడూ పమిట అడ్డం పెట్టుకునే నవ్వడం నేను చూశాను. అత్త నవ్వు ఎంత పెద్దదో నాకు తెలియదు.

లోపలికి పిలిచారు. సూపరింటెండెంటు చేతిలో అత్త కాగితం ఉంది. ఆవిడ ఇంగ్లీషులో నాతో, "ఇంత శుభ్రంగా రాసినవాళ్ళు ఈ ఏడు ఇంకెవరూ లేరు. పైకి చదివి వినిపిస్తూంటే మాత్రం సగం మాటలు శ్లోకాల్లా ఉన్నాయి, సగం ఎక్కడివో తెలియడం లేదు" అంది. అత్త వైపు తిరిగి ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది.

"బిహైండ్ డోర్" అంది అత్త.

నేను దిద్దబోయాను. నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను. ఆ గదిలో నేను దిద్దవలసినది అది కాదు.

సూపరింటెండెంటు ఒక ఫారం నా ముందుకు జరిపింది. అచ్చులో వరసగా మాటలు: నేమ్ ఆఫ్ గార్డియన్, రిలేషన్, ఆక్యుపేషన్. నిఘంటువులాగే, ముందు ఏమీ లేకుండా. నా పేరు రాశాను. మేనల్లుడు అని రాశాను. మూడోది వృత్తి.

మా ముత్తాతగారి తండ్రి అయితే దివాను అని రాసేవారు. మా తాతగారు భూస్వామి అని రాసేవారు. ఆ భూమిలో పొద్దున్నే నన్ను బండెక్కించుకున్నవాడు చెరుకు వేస్తున్నాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. గౌరవంగా కనిపించే ఒక మాట ఏదైనా ఉంటుందని వెతికాను. పదేళ్ళు రోజుకు పది చొప్పున నేర్చిన మాటల్లో నాకు సరిపోయేది ఒక్కటీ రాలేదు.

సూపరింటెండెంటు చూసింది. "ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్యండి" అంది. అందులో వెటకారం లేదు. రోజుకు పదిమందితో అనే మాటే. మా ఇంట్లో ఎవరితోనూ ఎవరూ అనని మాట అది. ఆ క్షణంలో లేచి, ఫారం అక్కడే వదిలి, అత్తను తీసుకుని వచ్చేసేవాణ్ణే. లేవడానికి బల్ల మీద చెయ్యి కూడా ఆనించాను.

"వదిలెయ్ నాయనా" అంది అత్త మెల్లిగా, తెలుగులో. "నీకింకా పంతొమ్మిదేగా. అక్కడ ఏదో ఒకటి పడుతుంది. నాకు ముప్ఫై దాటేయి."

ఆవిడ నన్ను బతిమాలలేదు. నన్ను ఊరడించింది. రెండు నెలలుగా ఆవిడను తలుపు దగ్గర నిలబెట్టినవాణ్ణి ఆవిడే ఊరడించింది. నేను ఆ గడి ఖాళీగా వదిలి, కింద సంతకం చేశాను. మా తాతగారి సంతకంలాగే పొడుగ్గా, చివర గీతతో.

తిరుగు రైల్లో ఆవిడ కిటికీ దగ్గర నిద్రపోయింది. ఇంటికి వెళ్ళాక అమ్మ ఏమీ అడగకుండా ఇద్దరికీ పీటలు వేసింది. నా మొహం చూసి విషయం గ్రహించి, అత్తకు అన్నం వడ్డిస్తూ, "వెళతావన్నమాట. ఇక పులుసు మాడితే ఎవర్ని అడగాలి?" అంది. గరిటె పక్కన పెట్టి అత్త వీపు మీద చెయ్యి వేసింది.

స్కూలు జ్యేష్ఠమాసంలో తెరుస్తారు. హాస్టలులో చేరడానికి ట్రంకుపెట్టె, పరుపు, చీరలు, జాకెట్లు, కంచం, చెంబు, చెప్పులు కావాలి. మొదటి మూడు నెలల భోజనం ఖర్చు ముందే కట్టాలి. వైశాఖంలో మా పెరటి చివర ఉన్న గుర్రపుసాల కప్పు విప్పించి, పద్నాలుగు టేకు దూలాలూ పెంకూ, బెల్లం గోదాము కట్టుకుంటున్న ఒక వర్తకుడికి అమ్మేశాను.